నూటికి నూరు నిండిన బస్సులు

బస్సంటే కదలాలి అనుకోవడం మనుషుల మూఢనమ్మకాల్లోకెల్లా పెద్దది. ఈ సంగతిని వనపర్తి పట్టణం బస్సుల సమ్మె మొదలైన మూడో రోజుకే రుజువు చేసింది.

నేను రోజూ వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు వెళ్లి వచ్చే గుమాస్తాను. పన్నెండేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా కిటికీ పక్క సీటు దొరకలేదు. సమ్మె పుణ్యమా అని దొరికింది. బస్టాండులో పదకొండు బస్సులు నిలబడిపోయాయి. తలుపులకు తాళాలున్నాయి గానీ కిటికీలకు అద్దాలు లేవు (అవి పోయిన సమ్మెలోనే పోయాయి). మా వైపు ఆచారం తెలిసిందే కదా, కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు, అదే దస్తీ, వేస్తే ఆ సీటు మనది. ఇది ఏ చట్టంలోనూ లేదు గానీ, కాదన్నవాడు బస్టాండులో బతికి బట్టకట్టలేడు. రోజూ పొద్దున్నే "మాటలు కుదిరినయంట, పది గంటలకు బస్సులు ఎల్తయంట" అని పుకారు లేచేది. బస్సు కదిలితే సీటు ఉండొద్దా? జనం దస్తీలు వేశారు. దస్తీ లేనివాళ్లు తువ్వాలలు, సంచులు వేశారు. వేసి, నీడ చూసుకుని కూర్చున్నారు.

ఇంత హాయి ప్రయాణంలో ఉంటుందని ఎవరం అనుకోలేదు. కుదుపు లేదు, వాంతి లేదు, కాలు తొక్కేవాడు లేడు. పన్నెండేళ్లుగా నా భుజం మీద పడి నిద్రపోయే స్కూలు టీచరు పేరు భానుప్రకాశ్ అని ఆ వారమే తెలిసింది. అతను వేయించిన పల్లీలు తెచ్చేవాడు, నేను మిరపకాయ బజ్జీలు కొనేవాణ్ణి. సాయంత్రం ఇంటికి పోతే "ఇయ్యాల జల్ది వచ్చిండ్రే" అని మా ఆవిడ సంతోషించింది (ఆ ఏడాది నా మీద ఆమె సంతోషించడం అదే మొదలు).

నాలుగో రోజు ప్రభుత్వం మేలుకుంది. సమ్మెకాల ప్రయాణ సౌఖ్య ప్రత్యేకాధికారి అనే పదవిని పుట్టించి, అందులో అనంతయ్య గారిని కూర్చోబెట్టింది. ఎన్ని సీట్లు నిండాయో రోజూ పైకి రాసి పంపడం ఆయన పని. బస్సు కదిలిందా లేదా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఆయన కిటికీ కిటికీకీ తొంగిచూసి దస్తీలు లెక్కపెట్టారు. దస్తీ ఉన్నచోట మనిషి ఉన్నట్టేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అయిజ నుంచి గద్వాల కాలేజీకి ఆయన అలా దస్తీలు వేసుకుంటూ వెళ్లి చదువుకున్నవారే. నూటికి నూరు శాతం నిండినట్టు రిపోర్టు పోయింది. బస్సులు తిరిగిన రోజుల్లో కూడా కాగితాల మీద అది అరవై దాటలేదు. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది, వెంటనే ఉత్తర్వు కూడా వచ్చింది: "బస్సులు నిండుగా ఉన్నందున ప్రైవేటు జీపులు అనవసరము. కనిపించినచో ఆపవలెను."

ఈ ఆనందం అంటనిది రూతమ్మ ఒక్కతికే. ఇరవై ఏళ్లుగా ఊళ్లు పట్టుకుని తిరిగి కట్టడాల దగ్గర ఇటుకలు మోసిన మనిషి. కూతురు నిరోష ఇంటర్ పాసైంది. ఆరో రోజు పదకొండు గంటలకు నాగర్‌కర్నూల్‌లో నర్సు ట్రైనింగ్ సీట్ల ఎంపిక. పిల్ల నెత్తి మీదికి ఇటుకల తట్ట రావొద్దని ఆ తల్లి పట్టుదల. ఇద్దరూ పొద్దున్నే వచ్చి, అందరిలాగే మూడో బస్సులో రెండు దస్తీలు వేశారు. తొమ్మిది దాకా చూసి, కురుమయ్య నడిపే ప్రైవేటు జీపెక్కారు. ఆఫీసు నుంచి కబురొచ్చి నేనూ అందులోనే ఎక్కాను.

ఊరి చివర అనంతయ్య గారు జీపును ఆపారు.

"టౌనుల ప్రయాణికులందరు బస్సులల్ల కూసున్నరని నా లెక్కల ఉంది. మరి మీరెవరు?"

"మేమే సారూ. మూడో బస్సుల దస్తీలేసి వచ్చినం" అంది రూతమ్మ. అబద్ధం చెప్పడం రాక చేసిన పొరపాటు.

ఆయన ముఖం గంభీరమైంది. "అంటే నువ్వు బస్సుల ఉన్నవ్. జీపుల గూడ ఉన్నవ్. ఒక్క మనిషి రెండు బండ్లల్ల ఎట్ల పోతదమ్మా?"

"బస్సు కదల్తలేదు సారూ. పిల్లకు పదకొండింటికి సీటున్నది. జర ఇడ్వుండ్రి, కాళ్లు మొక్కుత."

"దస్తీలు తీస్కొని, సీటు ఖాళీ చేసినట్టు చీటీ తెచ్చుకోరి. ఎవరాపుతరు మిమ్ముల?"

నా దస్తీ కూడా నాలుగో బస్సులో ఉంది. నేను నోరు విప్పలేదు. విప్పితే నన్నూ దింపేవారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

మా జీపు ముందుకు పోయింది, తల్లీకూతుళ్లు బస్టాండుకు నడిచారు. తలుపు తాళం తీసేవాడు సమ్మెలో ఉన్నాడు. కట్టెకు మేకు కొట్టి, కిటికీలోంచి దస్తీలు లాగేసరికి పది దాటింది. చీటీ మీద సంతకానికి అనంతయ్య గారు కావాలి, ఆయన ఏడో బస్సు దగ్గర లెక్కల్లో ఉన్నారు. లెక్క మధ్యలో మాట్లాడకూడదని నిబంధన (మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి).

చీటీ చేతికొచ్చి, ఇంకో జీపు దొరికి వాళ్లు నాగర్‌కర్నూల్ చేరేసరికి పన్నెండున్నర. ఎంపిక గదికి తాళం వేస్తున్న గుమాస్తా గోవిందు పాపం మంచివాడే, ఫైలు తీసి చూపించాడు.

"వనపర్తి బస్సులు నూటికి నూరు నిండినయని రిపోర్టు వచ్చింది. లేటెట్లయితది?"

"నిండినయి సారూ. కదలలే" అంది నిరోష.

"రిపోర్టుల గట్ల లేదు బిడ్డా."

నిరోష పేరు ఎదురుగా "ప్రయాణ సౌకర్యం ఉన్నప్పటికీ అభ్యర్థికి ఆసక్తి లేదు" అని రాసి, సీటు తర్వాతి పేరుకు ఇచ్చారు.

మరుసటి సోమవారానికి కూడా సమ్మె విడవలేదు. ఆ పొద్దున పుణె పనికి మనుషుల్ని తీసుకుపోవడానికి మేస్త్రీ లారీ వచ్చింది. రూతమ్మ ఎక్కి, కూతురికి చేయి అందించింది. ఊరి చివర దాన్ని ఎవరూ ఆపలేదు. చెప్పిన టైముకు అయిదు నిమిషాలు ముందే వచ్చింది లారీ.