విలన్‌గారి మంచి మనసు

ఆ రోజు రచయిత వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా సీను ముగించి డైరెక్టరుకి పంపాలి, అంతే. ఆ సినిమాలో ఒక పాత్ర ఉంది. తన రంగు కాని మనిషిని చూస్తే వాడికి ఒళ్లు మంట. "వాణ్ని రాక్షసుణ్ని చెయ్యకండి, మనిషిలా రాయండి" అన్నాడు డైరెక్టరు. అందుకని రచయిత వాడికి మంచం పట్టిన తల్లినిచ్చాడు, ఆమె మీద బోలెడు ప్రేమనిచ్చాడు. తల్లి కోసం ఎక్కడా వెతుక్కోలేదు. కాలు విరిగిన సొంత తల్లి పక్క గదిలోనే ఉంది.

డైలాగు రాస్తే చాలదు, గొంతెత్తి చదివితేగాని దాని సత్తా తెలియదని అతని నమ్మకం. బాల్కనీలో నిలబడి చదివాడు. "నీ రంగువాళ్లని నా గుమ్మం తొక్కనివ్వను! దిగు కిందికి!"

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వస్తున్న నర్సు ఆగి, వెనక్కి తిరిగి దిగిపోయింది. ఆవిడ ఉండేది కింది వాటాలో. నల్లటి మనిషి. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చి, మన భాష మనకంటే శుభ్రంగా నేర్చుకుంది. రోజూ తొమ్మిదింటికి రచయిత తల్లికి ఇంజెక్షన్ చేసేది ఆవిడే. ఇంకెవరు సూది పట్టుకున్నా ముసలావిడ ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

"కొంప ముంచారు కదండీ!" అంది భార్య. "కాళ్లు పట్టుకుంటారో గడ్డం పట్టుకుంటారో నాకు తెలీదు. ఇంజెక్షన్ పడకపోతే అత్తయ్య కాలు ఏమైపోవాలి?"

రచయిత బనీనుతోనే పరిగెత్తి, మూసిన తలుపు ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆ మాటలు నావి కావు. వాడివి."

"ఎవడు వాడు?" అంది నర్సు లోపలి నుంచి.

"ఉన్నాడు లెండి ఒకడు. కానీ మంచివాడేనమ్మా! తల్లినెంత బాగా చూసుకుంటాడనుకున్నారు! మనుషుల రంగు దగ్గరే కాస్త..."

అప్పటికే ఎదురింటి టైలరూ, ఆయన భార్యా వచ్చి మెట్ల మీద చేరారు. "తన గురించి తనే చెప్పుకుంటున్నాడు పాపం" అన్నాడు టైలరు. "సిగ్గు లేకపోతే సరి" అంది ఆవిడ.

ఈ గోలకి ఇంటి ఓనరు వచ్చాడు. "నా ఇంట్లో ఇలాంటి కూతలా? నెలాఖరుకి ఖాళీ చెయ్యండి!"

రచయితకి ఏడుపొక్కటే తక్కువ. పైకి ఉరికి, స్క్రిప్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఓనరు చదివి చల్లబడ్డాడు గాని, సలహా మాత్రం మానలేదు. "ఇలాంటి వెధవకి మంచితనమెందుకండీ? చివర్లో లారీ కింద తొయ్యండి. జనం చప్పట్లు కొడతారు."

తలుపు తెరుచుకుంది. నర్సు ఆ కాగితం అందుకుని నిదానంగా చదివింది.

"ఇలా ఎవరూ అరవరండీ. నవ్వుతూ చెబుతారు. 'నాకేం పట్టింపు లేదమ్మా, మిగతా అద్దెవాళ్లు ఏమనుకుంటారోనని' అంటారు. తాగడానికి మంచినీళ్లు కూడా ఇస్తారు."

"అబ్బ, ఎంత సహజంగా ఉంది!" రచయిత చెవి మీది పెన్ను తీశాడు. "ఎవరన్నారమ్మా?"

"ఈ వాటా అడగడానికి వచ్చినప్పుడు ఓనరుగారే అన్నారు. ఆర్నెల్లు ఇంకెవరూ రాకపోయేసరికి పిలిచి ఇచ్చారు."

ఓనరు మెట్ల పిట్టగోడ మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. టైలరు దంపతులకి ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. నర్సు కాగితాన్ని రచయిత చేతిలో విసురుగా పెట్టింది. కోపం, ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్నది. "ముసలావిడ ఏం చేసింది పాపం" అంటూ ఇంజెక్షన్ పెట్టె తీసుకుని మెట్లెక్కింది.

ఆవిడ పైకి వెళ్లాక ఓనరు గొంతు తగ్గించి అన్నాడు. "ఆ లారీ వద్దులెండి. వాడికి మాత్రం మనసుండదూ? అది కాస్త చూపించండి."

సాయంత్రంలోగా ఆ పాత్ర మంచితనం మీద ఓనరుగారు పదకొండు సీన్లు చెప్పారు. క్షమాపణ అడిగే సీను మాత్రం ఆయనకి ఎంత ఆలోచించినా తట్టలేదు.