షెడ్డు నడిమధ్య ఇంటూ మార్కు

ఏమప్పా, నిన్నే! పక్కవాణ్ణి బకరా చేశానని లోలోపల మురిసిపోతూ తిరిగే రకం నువ్వు. మొహం అటు తిప్పుకోకు, తెలుస్తూనే ఉంది. కూరెకుప్ప సుబ్బరామి కూడా అచ్చం నీలాంటివాడే.

సుబ్బరామికి రెండు లారీలు. వాటి కోసం ఊరి బయట షెడ్డు, దానిమీద డ్రైవర్లకు గదులు కట్టిస్తున్నాడు. ప్లాను మేఘన కంపెనీది, పునాదుల లెక్క విక్రమ్ కంపెనీది, నీళ్లూ కరెంటూ రాబిన్ కంపెనీవి. ముగ్గురూ ప్రతి మంగళవారం బళ్లారి నుంచి వచ్చి మీటింగు పెడతారు. ముగ్గురి సంతకాలూ పడందే మేస్త్రీ నింగప్ప పార ఎత్తకూడదు. కుళాయి ఏ గోడకు పెట్టాలన్న దానికే ఆరు మీటింగులు పట్టాయి.

అసలు తగువు మాత్రం ఒక స్తంభం దగ్గర. షెడ్డు నడిమధ్య స్తంభం లేకపోతే పైకప్పు ఆగదంటాడు విక్రమ్. స్తంభం వస్తే లారీ తిప్పడానికి చోటుండదంటాడు సుబ్బరామి. మూడు నెలలుగా ఇద్దరూ మెట్టు దిగలేదు.

ఆ మంగళవారం పొద్దున్నే సుబ్బరామి ఒక ఉపాయం పన్నాడు. షెడ్డు నడిమధ్య నేలమీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ మార్కు గీశాడు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ అది మిగతావాళ్లదనుకుంటారు. సైటు సంగతులన్నీ ఒకరికొకరు మెయిల్లో పంపుకుంటారు; గట్టిగా అడిగితే తాము ఆ మెయిలు చదవలేదని బయటపడుతుంది, కాబట్టి అడగరు. అందరూ తలలూపాక, "ఎవరి మార్కో తెలియని మీరా నాకు స్తంభం సంగతి చెప్పేది?" అని పరువు తీయాలి. ఆపైన స్తంభం మాట ఎత్తేవాడు ఉండడు.

"ఇది మీ ఆఫీసు మార్కే కదా, మేఘనా?" అన్నాడు మీటింగుకు వచ్చిన విక్రమ్, మార్కు చూసి.

"మాది కాదే. రాబిన్ పైపుకేమో."

రాబిన్ ఫోనులో ఏదో వెతికి, "ఆఁ... మాదే అనుకుంటా. మా సైడ్ ఓకే," అన్నాడు.

"రాబిన్‌కి ఓకే అయితే నాకూ ఓకే," అంది మేఘన.

"మీరిద్దరూ ఓకే అన్నంక నాదేముండాది?" అన్నాడు విక్రమ్.

నిమిషంలో మీటింగు కాగితం మీద మూడు సంతకాలు పడ్డాయి. సుబ్బరామి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. పరువు తీసేముందు ఈ ఆనందం ఒక టీతో కలిపి తాగుదామని రోడ్డుమీదికి పోయాడు. తిరిగొచ్చేసరికి మార్కు మీద జేసీబీ గర్జిస్తోంది.

"ఓ నింగప్పా! ఏం చేస్తాండావప్పా?"

"గుంత తీపిస్తాండా. మూడు సంతకాలు పడినాయి గదన్నా!"

"ఆ మార్కు నాదప్పా! సుమ్నె, ఊరికే తమాషాకి గీసినా, ఆపు!"

"సంతకాలోళ్లు చెప్తే ఆపుతా."

సుబ్బరామి పంచె ఎగ్గట్టి ముగ్గురి దగ్గరికీ పరుగెత్తాడు. "ఆపమ్మా మేఘనా! అది గీసింది నేను!"

"అయ్యో అంకుల్, మా తప్పు మీ మీద ఏసుకుంటాండారా? ఎంత పెద్ద మనసు!"

"పెద్ద మనసూ లేదు, చిన్న మనసూ లేదు! నేనే గీసినా! మా యమ్మ మీద ఒట్టు!"

విక్రమ్ తల అడ్డంగా ఊపాడు. "నోటిమాటకు పని ఆగదన్నా. కాగితం మీద రాసియ్యండి."

"తే ఇట్ల!"

పొలం అమ్మేటప్పుడు రాసినట్టే రాశాడు సుబ్బరామి. 'షెడ్డు నడిమధ్య ఎర్ర మార్కు నేనే, నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా పెట్టినాను.' సంతకం చేశాడు. బలం చాలదని వేలిముద్ర కూడా వేశాడు. రాబిన్ ఫొటో తీసి మూడు ఆఫీసులకూ పంపాడు.

"ఇంక ఆపండి."

"ఆపేదేందన్నా?" అన్నాడు విక్రమ్, కాగితం భద్రంగా మడుస్తూ. "స్తంభం యాడ కావల్నో ఓనరే రాసిచ్చినంక అడ్డమేముండాది? ఈ కాగితం కోసరమే మూడు నెల్లు కాసుకున్యాం. లారీ రివర్సులో తీసుకోండి."

సుబ్బరామి నోరు తెరుచుకుని నింగప్ప వైపు తిరిగాడు. నింగప్ప జేసీబీ వైపు తిరిగాడు.

"పొద్దున్నే మీరు గీస్తాంటే చూసినా అన్నా. ముగ్గురికీ ఫోన్ కొట్టినా."

మూడు నెలల్లో ఆ మూడు కంపెనీలూ ఇంత తొందరగా ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. దానికి మీటింగు కూడా పెట్టుకోలేదు.