నర్సయ్య జేబులో నిమ్మకాయలు

ఆ ఆదివారం పొద్దున వెంకటనర్సయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బాలమణి పాలకు పోయినప్పుడు పెరట్లో నిమ్మచెట్టు నుంచి నాలుగు కాయలు తెంపాలి, జేబుల్లో దాచుకోవాలి, జీపు తీసుకుని మేడ్చల్‌లో మెకానిక్ ఖాలిక్ షెడ్డుకు పోవాలి. ఎవరి కంటా పడకూడదు. సొంత పెరట్లో సొంత చెట్టు కాయలు దొంగలా తెంపుకునే మనిషి లాల్‌గడి మలక్‌పేట్ మొత్తానికి ఆయనొక్కడే.

ఆ జీపు ఆయన వయసులో ఉండగా కొన్నది. నాలుగు చక్రాలూ లాగే బండి. ట్రాక్టర్లు దిగబడే బురదలో కూడా దర్జాగా నడిచి బయటికొచ్చేది. ఇప్పుడు దానికీ వయసైంది. వెనక నుంచి పోవాల్సిన పొగ లోపలికే వస్తోంది. శామీర్‌పేట దాటేలోపు కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో నిమ్మకాయను గోటితో గిచ్చి వాసన చూస్తూ తోలితే తప్ప గమ్యం చేరడు. పోవడానికి రెండు, రావడానికి రెండు. అదీ లెక్క.

ఈ కష్టం ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అంటే, చెప్పుకునే దారి ఆయనే మూసుకున్నాడు. రెండు నెలల కింద ఒక పెళ్లికి పోతే, ఫంక్షన్ హాలు గేటు దగ్గరి మనిషి జీపును చూసి, వంట సామాను బండ్లు వెనక గేటు నుంచి రావాలని చెయ్యి చూపించాడు. పట్టుచీర కట్టుకున్న బాలమణి వంట గుండిగల మధ్య దిగింది. ఆమె తమ్ముడు నగేష్ శామీర్‌పేటలో ప్లాట్లు అమ్ముతాడు. తన పెద్ద తెల్లకారు పక్కన నిలబడి, అక్కా పప్పు తెచ్చినవా సాంబారు తెచ్చినవా అని అడిగాడు. చుట్టాలంతా నవ్వారు. వెంకటనర్సయ్యకు తల కొట్టేసినట్టయింది. అలాంటప్పుడు ఎవరైనా తల దించుకుంటారు. ఈయన ఎత్తాడు.

"నా ఊపిరున్నన్ని దినాలు నాకు గీ జీపే" అని అందరి ముందూ అనేశాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ రోజు నుంచి బాలమణి భర్తతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఆయన మాత్రం దొంగచాటుగా నిమ్మకాయలు తెంపుకుంటున్నాడు.

ఆ పొద్దున పాలాయన తొందరగా దొరకడం వల్ల బాలమణి అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. గోడ పక్క నుంచి చూస్తే, భర్త అటూ ఇటూ చూస్తూ నాలుగంటే నాలుగే కాయలు, అందులోనూ మంచివి ఏరి, జేబుల్లో వేసుకుంటున్నాడు. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మన దిక్కు కొత్తబండి కొంటే చక్రానికొక నిమ్మకాయ పెట్టి తొక్కించాకే ఇంటికి తేవాలని పసిపిల్లలకు కూడా తెలుసు. పచ్చడికి నాలుగు చాలవు, షర్బతుకు దాచుకోనక్కరలేదు. దాచుకుని తీసుకుపోతున్నాడంటే తనకు చెప్పకుండా కారు తేబోతున్నాడని అర్థం. రెండు నెలలుగా మొగుడితో మూతి ముడుచుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

ఆ సిగ్గులోనే తమ్ముడికి ఫోన్ చేసింది. ఫంక్షన్ హాలు నుంచి వచ్చిన రోజే ఆమె, ఇంటికి కొత్తబండి వస్తే యాటను బలి ఇస్తానని చెరువు గట్టు దేవత కట్ట మైసమ్మకు మొక్కుకుంది. బావకు తెలియకుండా మొక్కు ఏర్పాటు చేయమంది. నగేష్‌కు చిన్నగా చేయడం రాదు. మధ్యాహ్నానికల్లా శామీర్‌పేట చెరువు కట్ట కింద టెంటు లేచింది. డప్పులు వచ్చాయి, గుమ్మడికాయ వచ్చింది, మెడలో వేపమండలతో యాట వచ్చింది. ఫంక్షన్ హాలులో నవ్విన చుట్టాలు ఒక్కరు కూడా తగ్గకుండా వచ్చారు.

మేడ్చల్ షెడ్డులో ఖాలిక్ జీపు కింద దూరి, సైలెన్సర్ ఊడదీసి, పైకి లేచాడు. నిజానికి శామీర్‌పేటలోనే బాగుచేయించుకోవచ్చు గాని, అక్కడ స్క్రూ తిప్పితే నగేష్‌కు తెలిసిపోతుందని ఇంత దూరం వచ్చాడు వెంకటనర్సయ్య. ఖాలిక్ డ్రైవరు సీటు ముందున్న రబ్బరు చాప ఎత్తి చూపించాడు. చాప కింద రేకు లేదు. నేల కనిపిస్తోంది.

"పటేలా, ఇన్నేండ్లు నీ జీపు మీద నా ఇల్లు నడ్సింది, అబద్ధం చెప్ప. ఇగ బాగుచేసుడు నాతోటి కాదు, ఎవ్వలతోటి కాదు. తుక్కుకు ఇచ్చెయ్యి" అన్నాడు.

వెంకటనర్సయ్యకు మొదట చిన్నతనమనిపించింది. తర్వాత, ఎందుకో, వీపు మీది మూట దించినట్టు అనిపించింది. ఒక నిమ్మకాయ ఖాలిక్‌కే ఇచ్చి షర్బతు చేయించుకుని తాగుతుండగా నగేష్ ఫోన్ చేసి, ఎక్కడున్నావు బావా, షోరూముల దిక్కేనా అని నవ్వుతూ అడిగాడు. షెడ్డులో ఉన్నానంటే మళ్లీ సాంబారు మాట వస్తుంది. పైగా ఆ షెడ్డు షోరూముల వరుస వెనకే ఉంది. ఆ, ఆ దిక్కే అన్నాడు. వచ్చేటప్పుడు అక్క మొక్కేదో ఉందట, కట్ట మైసమ్మ దగ్గరికే వచ్చెయ్యమన్నాడు నగేష్. సరేనన్నాడు.

సైలెన్సర్ పనికిరాదు కాబట్టి, అది లేకుండానే తీసుకుపొమ్మన్నాడు ఖాలిక్. బండి మోత ఊరవతలికి వినిపిస్తోంది. అయినా వెంకటనర్సయ్య మనసు తేలికగా ఉంది. ఇల్లు చేరగానే బాలమణితో చెప్పాల్సిన మాట దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. నీ మాటే నిజం, నాదే తప్పు, రేపు ఇద్దరం పోయి నీకు నచ్చిన బండి చూద్దాం. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

కట్ట దిగేసరికి టెంటు, డప్పులు, జనం కనిపించారు. ఎవరో కొత్తబండి కొన్నట్టున్నారని సంతోషించి, వచ్చే బండికి దారి ఉండాలని జీపును ఒక పక్కకు తీసి ఆపాడు. నిమ్మకాయ ముక్కు దగ్గరి నుంచి జేబులోకి పోయింది. దిగి, ఎదురొచ్చిన నగేష్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవలు కొన్నరు రా? బండి ఇంక రాలేదా?"

డప్పులు ఆగిపోయాయి. నగేష్ బావను చూశాడు, జీపును చూశాడు, జీపు వెనక ఇంకేమైనా వస్తోందేమోనని రోడ్డు వైపు కూడా చూశాడు. బాలమణి చేతిలో హారతి పళ్లెం ఉంది. ఆమె మొహం చూశాక వెంకటనర్సయ్యకు టెంటు ఎవరిదో, యాట ఎవరిదో, రావాల్సిన బండి ఎవరిదో ఒక్కొక్కటే అర్థమైంది. భూమి చీలితే బాగుండుననిపించింది. చెరువు కట్ట గట్టిది, చీలలేదు.

"బావా, గిదేనా?" అన్నాడు నగేష్.

కూడబలుక్కున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడి నుంచి చుట్టాలను చూసి వెనక్కి పోయింది. దాని బదులు ఇంకో మాట బయటికొచ్చింది.

"గిదే. దీనికే జెయ్యుర్రి పూజ. ఇది ఉండంగ నేను ఇంకోటి కొంటనా?"

వెంకటనర్సయ్య మేనత్త రాధమ్మ ఇలాంటివాటికి పెద్ద దిక్కు. ఆమె అప్పటికే యాట మీద నీళ్లు చల్లింది, యాట ఒళ్లు దులుపుకుంది. అంటే అమ్మవారు ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు. యాట పని యాటకైంది, గుమ్మడికాయ పగిలింది, జీపుకు దండ పడింది. చుట్టాలకు కూర ముఖ్యం గాని కారు ముఖ్యం కాదు కాబట్టి డప్పులు మళ్లీ మొదలయ్యాయి. రాధమ్మ జీపు అద్దానికి కుంకుమ పెట్టింది.

"సూడు నర్సయ్యా, తల్లి పేర యాట వడ్డది. మళ్ల బోనాల దాక గీ బండిని అమ్మొద్దు, ఇంకోటి ఇంటికి తేవద్దు. తెస్తే మంచిగుండదు" అంది.

ఏడాదికొక్కసారి వచ్చే బోనాలు పోయి ఇంకా పది దినాలు కాలేదు. వెంకటనర్సయ్య తల ఊపాడు. తేలు కుట్టిన దొంగ అంతకంటే ఏం చేస్తాడు?

చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు ఇమ్మని బాలమణి చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి తీశాడు. మూడే ఉన్నాయి. మూడింటి మీదా గోటి గిచ్చుళ్లు. బాలమణి వాటిని తిప్పి తిప్పి చూసింది. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. భర్తను చూసింది. తర్వాత ఎవరూ చూడకుండా జీపు చాటుకు వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగో నిమ్మకాయ తీసింది. అది వాడిపోయి ఉంది. దాని చుట్టూ కూడా గోటి గిచ్చుళ్లే.

"నీగ్గూడనా?" అన్నాడు వెంకటనర్సయ్య, గొంతు తగ్గించి.

"రెండు మూడేండ్ల సంది. జీపెక్కేది ఉంటదని కొంగుల ఒక్కటి ఎప్పుడు ఉంచుకుంట."

"మరి చెప్పకపోతివి?"

"నీకు పానమాయె గా జీపంటె. పొగొస్తాందంటె బాధపడ్తవనుకున్న. నువ్వు చెప్పినవా?"

ఆయన చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. చాప కింద రేకు లేని సంగతి, ఖాలిక్ ఇచ్చెయ్యమన్న సంగతి, దారిలో కూడబలుక్కున్న మాట, అన్నీ వరుసగా చెప్పాడు. ఆ మాట ఒక్క అరగంట ముందు అంటే ఏం పోయేదని ఆమె అడగలేదు. అడిగితేనే బాగుండేదని ఆయనకు అనిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఆమె మాత్రం హారతి పళ్లెం వైపే చూస్తూ, ఊళ్లోవాళ్లను పిలవకుండా ముందు నిన్ను అడగాల్సింది అంది.

నాలుగు నిమ్మకాయలూ నాలుగు చక్రాల కిందికి చేరాయి. వెంకటనర్సయ్య ఎక్కి తాళం తిప్పాడు. జీపు కదలలేదు. నగేష్‌తో సహా చుట్టాలంతా వెనక చేరి నెట్టారు. అది ఒక్కసారిగా అంటుకుని, సైలెన్సర్ లేని గొంతుతో అరిచి, నిమ్మకాయలను తొక్కి, నెట్టినవాళ్లందరి మొహాల మీదా ఇంత పొగ కొట్టింది. దగ్గుకుంటూనే అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక ఇంటికి పోయేవాళ్లంతా నగేష్ కారెక్కారు. ఒకరి మీద ఒకరు కూర్చున్నారు గాని జీపు వైపు ఒక్కరూ రాలేదు. బాలమణిని కూడా పిలిచారు. ఆమె పోలేదు, వచ్చి భర్త పక్కన కూర్చుంది. చేతిలో నిమ్మకాయ లేకుండా ఆ ఇద్దరూ ఆ బండిలో ప్రయాణం చేయడం అదే మొదటిసారి. ఊరు చేరేలోపు రెండు చోట్ల ఆపి, ఇద్దరూ చెరో పక్కకు దిగాల్సి వచ్చింది.

మరుసటి ఆదివారం వెంకటనర్సయ్య పెరట్లో రెండో నిమ్మచెట్టు నాటాడు.