గుండయ్య మూడోసారి పరీక్షకు పోయిన ఆదివారం

మూసీకి తుగ్యానీ, అంటే ఆ పెద్ద వరద, వచ్చి అరవై ఆరేండ్లయిన సంవత్సరం అది. హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో గుండయ్య అనే మనిషి ఒక ఆదివారం కోడి కూయక ముందే లేచాడు. స్నానం చేశాడు. తెల్ల అంగీ తొడుక్కున్నాడు. ఆ రోజు అతనికి పరీక్ష. వయసు నలభై ఒకటి.

గుండయ్య పనిచేసేది ఒక సర్కారు కార్ఖానాలో. అక్కడి పెద్ద మిషన్లు రష్యా నుంచి వచ్చాయి. వాటి వెంట రష్యా ఇంజనీర్లు కూడా వచ్చారు. వాళ్ళు దసరాకు తమ దేశం వెళ్ళిపోతున్నారు. మిషన్ మీది రాతలు, దాని పుస్తకాలు అన్నీ వాళ్ళ భాషలోనే ఉన్నాయి. అందుకని ఆ భాష నేర్చుకుని నోటి పరీక్ష పాసైన వాళ్ళకే ఇక మిషన్ పని అన్నారు. తప్పినవాళ్ళు వెనక యార్డులో ఇనుప తుక్కు మోయాలి. మూడు సార్లు అవకాశం ఇచ్చారు. నాలుగోసారి లేదు.

గుండయ్య రెండుసార్లు తప్పాడు. పాఠాలు రాక కాదు. నలుగురు ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగితే అతని నాలుక ఎండిపోతుంది. మొదటిసారి ఆరు గ్లాసుల నీళ్ళు తాగి, ఏడో గ్లాసు అడిగి, లేచి వచ్చాడు. రెండోసారి పేరేమిటని అడిగారు. అతను చేతులు జోడించి నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. కింద సైకిల్ దగ్గర నిలబడ్డాక పేరు గుర్తుకు వచ్చింది.

పాఠాలు మాత్రం అతను గట్టిగానే నేర్చాడు. దానికి ఒక పద్ధతి దొరికింది. ఇంట్లో ఒకే గది. చదవడానికి సందు లేదు. దొడ్లో మాత్రం నిశ్శబ్దం. అందుకని ఏడు నెలల కింద, బర్రె చెంద్రి ఈనిన నెలలోనే, పాలు పిండే పని భార్య చేతిలోంచి తాను తీసుకున్నాడు. పొదుగు కింద కూర్చుని పాఠం అప్పజెప్పేవాడు. ఒక ధారకు ఒక మాట. "ఎత స్తోల్" అంటే ఇది బల్ల. "ఎత ఒక్నో" అంటే ఇది కిటికీ. చేతులు కదులుతుంటే నాలుక కదిలేది. చేతులు ఆగితే నాలుక ఆగేది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పడం అతనికి అలవాటు లేదు.

ఆ పొద్దున భార్య లీలమ్మ పలారం ముందు పెట్టి చెప్పింది.

"ఇయ్యాల బర్రె జోలికి పోకు. అంగీకి పేడ అంటుతది. నేను పిండుకుంట. నువ్వు సీదా పో."

"ఊఁ."

"భయమైతందా?"

"లేదు" అన్నాడు గుండయ్య. కప్పు పెట్టబోయి చాయ్ సాసర్‌లో ఒలకబోశాడు.

"మస్తు ధైర్యముంది" అని లీలమ్మ సాసర్ తుడిచింది. "తుక్కు మోసుడు నీ నడుంతోని అయ్యే పని కాదు. గది ఒక్కటి యాదుంచుకో. మిగతా దేవుడున్నడు."

అది యాదుంచుకోవడం వల్లనే అతను మిగతావి మరిచిపోయేవాడు. ఆ మాట కూడా అతను చెప్పలేదు. సైకిలెక్కి పరీక్ష జరిగే పత్తర్‌గట్టి వైపు పోయాడు.

లీలమ్మ బకెట్ తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. దూడను విడిచింది. దూడ రెండు గుక్కలు తాగాక దాన్ని పక్కకు గుంజి కట్టి, పొదుగు మీద నీళ్ళు చల్లి, పిండబోయింది. చుక్క రాలేదు. ఇంకోసారి దూడను విడిచింది. చెంద్రి చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. మూడోసారి కాలు విసిరింది. బకెట్ పోయి పక్కింటి గోడకు తగిలింది. ఆ చప్పుడుకు గోడ మీద బాలమ్మ తల కనిపించింది.

"ఏమైందే లీలమ్మా?"

"పాలు ఇస్తలేదక్కా. ఎగబట్టింది."

"దిష్టి. నిన్న ఆ గల్లీ చివరామె దీన్నే చూసుకుంట నిలబడ్డది. నేను కండ్లార చూసిన."

బాలమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి బర్రె చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. పొగ లేచింది. చెంద్రి తుమ్మింది. దూడ తుమ్మింది. బాలమ్మ కూడా తుమ్మి, చూసినవా ఎంత దిష్టి ఉందో అన్నది. పాలు మాత్రం రాలేదు.

అప్పటికి ఎండ వచ్చింది. పొదుగు బిగిసి రాయిలా అయింది. ఇంకా ఆలస్యమైతే పొదుగు వాపు వస్తుంది. వాపు వస్తే చన్ను ఎండిపోతుంది. ఆ గల్లీలో అది తెలియని మనిషి లేడు. లీలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె వెళ్ళి సాయిలును పిలుచుకొచ్చింది. సాయిలు డెబ్బై ఏండ్ల మనిషి. బర్రెల సంగతిలో గల్లీ అంతా ఆయన మాట వింటుంది.

సాయిలు బర్రెను చూశాడు. బర్రె సాయిలును చూసింది.

"ఇది ఎవరి చేతికి అలవాటు బిడ్డా?"

"మా ఆయనకే మామా. ఈనిన కాణ్నుంచి ఆయనే పిండుతుండు."

"గట్లయితే ఆయన పిండేటప్పుడు తొడిగే అంగీ తొడుక్కో. వాసనకు నమ్ముతది."

లీలమ్మ చీర మీద గుండయ్య పాత అంగీ తొడుక్కుని కూర్చుంది. చెంద్రి మెడ తిప్పి వాసన చూసింది. కాలు దించింది. కాని పాలు దించలేదు. ఏదో వినడానికన్నట్టు చెవులు నిక్కబొడిచి నిలబడింది.

"దేనికోసమో చూస్తంది" అన్నాడు సాయిలు. "ఆయన పిండేటప్పుడు ఏమన్న పాట పాడుతడా?"

"పాట గాదు మామా. ఏందో గొణుగుతడు. పరీక్ష పాఠం."

"గదే చెప్పు."

"నాకేమొస్తది? రష్యావోళ్ళ మాట అది."

"ఎంతొస్తే గంత చెప్పు బిడ్డా. బర్రె నీకు మార్కులు వేస్తదా?"

లీలమ్మ సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని "ఎత స్తోల్" అన్నది. చెంద్రి చేపింది. బకెట్‌లో సర్రుమని ధార పడింది. లీలమ్మ "ఎత ఒక్నో" అన్నది. రెండో ధార పడింది. తరువాత లీలమ్మకు ఏమీ రాదు. ఆమె మళ్ళీ "ఎత స్తోల్" అన్నది. చెంద్రి ఒకసారి వెనక్కి చూసి, పాలు ఎగబట్టింది. ఆ బర్రె ఏడు నెలలుగా ఏ రోజూ ఒకే మాట రెండుసార్లు వినలేదు.

గోడ మీద బాలమ్మ రెండు చెంపలు వేసుకున్నది.

"ఇగ ఒక్కటే దారి" అన్నాడు సాయిలు. "మనిషిని తేవాలె."

"ఆయన పరీక్షల ఉన్నడు. రాడు. రానియ్యరు కూడ."

సాయిలు చెంద్రి పలుపు విప్పాడు. "గట్లయితే బర్రెను తోలుకపోదాం" అన్నాడు.

ముందు లీలమ్మ పలుపు పట్టుకుని, వెనక బాలమ్మ దూడను పట్టుకుని, వాళ్ళ వెనక సాయిలు బకెట్ పట్టుకుని బయలుదేరారు. లీలమ్మ ఒంటి మీది అంగీ విప్పడం మరిచిపోయింది. చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి ఆదివారం బజారు నిండుగా ఉంది. గాజుల దుకాణాల వాళ్ళు తోవ ఇచ్చారు. ఆటోవాడొకడు తోవ ఇవ్వలేదు. చెంద్రి అతని ఆటోను కొంచెంసేపు చూసింది. తోవ ఇచ్చాడు.

"యాడికి తోలుకపోతున్నరు పెద్దయ్యా? అమ్ముతరా?" అని ఒకతను అడిగాడు.

"పరీక్షకు" అన్నాడు సాయిలు.

"బర్రెకా?"

సాయిలుకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఎవరికని తేల్చి చెప్పడం కూడా ఆ సమయంలో కష్టం. జవాబు చెప్పకుండా నడిచాడు. అడిగినవాడు వెంట నడిచాడు. వాడి వెంట ఇంకో పది మంది నడిచారు. పత్తర్‌గట్టి చేరేసరికి బర్రెకు పరీక్ష అని ముందువాళ్ళకు ముందే తెలిసింది. కొందరు దుకాణాల మెట్లెక్కి నిలబడ్డారు.

పరీక్ష ఒక బట్టల దుకాణం పైన, పాఠాలు చెప్పే మేడ గదిలోనే జరుగుతున్నది. బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. ఒకరు పాఠాలు చెప్పిన బాబురావు సారు. రెండోది రష్యా ఆమె. పేరు వేరా. కార్ఖానా వాళ్ళంతా వేరమ్మ అనేవారు. ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు.

గుండయ్య కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఖాళీగా పెట్టుకున్నాడు. వేరమ్మ పేరు అడిగింది. గుండయ్య నీళ్ళ గ్లాసు వైపు చూశాడు. ఆమె ఇదేమిటని బల్ల మీద చెయ్యి పెట్టింది. అది బల్ల అని ఏడు నెలలుగా అతనికి తెలుసు. చెమట అంగీ మీదికి దిగింది.

"గుండయ్యా, చెప్పవయ్యా" అన్నాడు బాబురావు, నెమ్మదిగా. "ఇదే ఆఖరు. ఇంతకన్న సులువు నేను అడిగించలేను."

గుండయ్య నోరు తెరిచాడు. అప్పుడే కింద బర్రె అరిచింది.

అతను నోరు మూసుకున్నాడు. మళ్ళీ అరిచింది. గుండయ్య లేచి నిలబడ్డాడు.

"నా బర్రె సార్."

"ఏంది?"

"చెంద్రి. పాలు బిగిసింది. అరుపుల తెలుస్తది."

"లేస్తే ఫెయిల్ రాస్తారు. తెలుసా?"

గుండయ్య ఒక్క నిమిషం నిలబడ్డాడు. యార్డు గుర్తుకు వచ్చింది. నడుము గుర్తుకు వచ్చింది. బర్రె మూడోసారి అరిచింది. అతను నమస్కారం పెట్టి మెట్లు దిగాడు.

కింద బట్టల సేఠ్ చేతులు ఊపుతూ మొత్తుకుంటున్నాడు. "అరే భాయ్, యే క్యా తమాషా హై? పెండ్లి బట్టలకు గిరాకి వచ్చే టైమ్!"

"పరేశాన్ గాకు సేఠ్" అన్నాడు సాయిలు. "ఐదు నిమిషాలు."

లీలమ్మ భర్తను చూసి ఏడుపు మొదలుపెట్టింది. "నీ పరీక్ష పాడు జేసిన. ఏం జేద్దు? నాకు రెండే మాటలు వచ్చినయి."

గుండయ్య బకెట్ తీసుకుని తెల్ల అంగీతోనే గొంతుక్కూర్చున్నాడు. చెంద్రి పొట్టకు తల ఆనించాడు. మొదటి పాఠం మొదలుపెట్టాడు. బల్ల, కిటికీ, తలుపు. ధార మీద ధార పడింది. రెండో పాఠం, మూడో పాఠం. మిషన్ నడుస్తున్నది, మిషన్ ఆగింది, నూనె పొయ్యండి, చెయ్యి దూరం పెట్టండి. గొంతు ఎక్కడా ఆగలేదు. బకెట్‌లో నురగ పైకి లేచింది. జనం దగ్గరికి జరిగారు. ఏదో మంత్రమని అందరికీ తోచింది. ఒక ముసలామె తలకు కొంగు కప్పుకున్నది.

పైన కిటికీలో వేరమ్మ కనిపించింది. ఆమె అక్కడినుంచే రష్యా మాటల్లో నీ పేరేమిటి అని అడిగింది. గుండయ్య తల ఎత్తకుండా చెప్పాడు. ఎన్నేండ్ల నుంచి పని చేస్తున్నావు అన్నది. చెప్పాడు. మిషన్‌లో చప్పుడు వస్తే ముందు ఏం చేస్తావు అన్నది. కరెంటు తీసేస్తాను, పెద్దవాళ్ళను పిలుస్తాను, వాళ్ళు రాకపోతే నేనే విప్పి చూస్తాను అన్నాడు. ఆ ఆఖరి మాట పుస్తకంలో లేదు. బాబురావు కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకున్నాడు. గుండయ్య రెండోవైపు చన్నులు అందుకుని, తనంతట తాను ఇంకో మాట కూడా చెప్పాడు. అమ్మా, మీ వెనక మనుషులను బర్రె వెనక నిలబడవద్దని చెప్పండి, తంతుంది అని. ఆ మాటలో ఒక తప్పు దొర్లింది, వేరమ్మ వెనక ఎవరూ లేరు. ఆమె కిందికి చూసి, జనానికి చేత్తో పక్కకు జరగమన్నది. అందరూ జరిగారు.

బకెట్ నిండాక గుండయ్య లేచాడు. లేవగానే నాలుక ఎండిపోయింది. పైకి చూశాడు. ఒక్క మాట రాలేదు.

బాబురావు మెట్లు దిగి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది.

"పాసైనవ్" అన్నాడు.

గుండయ్య బకెట్ పిడి పట్టుకుని అడిగాడు. "మిషన్ కాడ బర్రె ఉండదు కద సార్. అక్కడ నోరు పడిపోతే?"

బాబురావు పైకి చూసి ఆ మాట రష్యా భాషలో అడిగాడు. వేరమ్మ రెండు ముక్కల్లో జవాబు చెప్పింది.

"ఏమంటది సార్?"

"మిషన్‌కు పిడి ఉంటదట. అది పట్టుకోమంటంది. వాళ్ళమ్మ కూడా ఆవుల కాడ తప్ప ఎక్కడా మాట్లాడకపోయేదట."

గుండయ్య తన చేతులు చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తన బుర్ర మంచిది కాదనుకున్నాడు. చేతులు ఊరికే ఉండడమే తప్పని ఎవరూ చెప్పలేదు. లీలమ్మ కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది. బట్టల సేఠ్ బకెట్ వైపు చూస్తూ, ఇంత లొల్లి అయినంక నాకు చాయ్‌కన్నా పాలు పోయండి అన్నాడు. సాయిలు లోటాతో పోశాడు.

"ఇంకొకటి" అన్నాడు బాబురావు. "రేపు గాదు, ఆ పై సోమవారం నుంచి నువ్వు మొదటి షిఫ్టు. బస్సు నాలుగింటికే. తెల్లారే దాక ఇంట్ల ఉండే రోజులు అయిపోయినయి."

చెంద్రి నెమరు వేస్తున్నది. సాయిలు లీలమ్మ వైపు చూశాడు. బాలమ్మ కూడా లీలమ్మ వైపు చూసింది.

"నా దిక్కు చూడకుండ్రి" అన్నది లీలమ్మ. "నేను బడికి పోయినదాన్ని గాదు. నాకు భయం."

మరునాడు పొద్దున గుండయ్య భార్యకు తన పాత అంగీ తొడిగి, చెంద్రి పొదుగు కింద కూర్చోబెట్టి, తాను గోడకు ఆనుకుని మొదటి పాఠం అందించాడు. లీలమ్మ మూడో మాట దగ్గర ఆగి నీళ్ళు అడిగింది. చెంద్రి బకెట్‌ను తన్నింది. బాబురావు సారు కూడా ఎవరినీ అంత తొందరగా ఫెయిల్ చేయలేదు.