ముందు బెంచీ ఎటువైపు

ఆ రోజు పొద్దున సుచరిత వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగుతూ పాత క్యాలెండరు కాగితం చింపి, ఎనిమిదో తరగతి పిల్లల పేర్లతో చీటీలు రాసి, వాటిని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసుకుని బడికి బయల్దేరింది. చీటీలో ఎవరి పేరు ముందు వస్తే వాళ్ళు ముందు బెంచీలో కూర్చోవాలి. అంతే. దానికి బేతంచెర్ల ఊరు ఊరంతా బడి మీదికి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల మాట. సెల్‌ఫోను ఉన్నవాడిని జనం ఆగి చూసే రోజులవి. బండల లారీ వెళ్ళిందంటే బడి ముందు వేపచెట్టు కాసేపు తెల్లగా కనిపించేది, పిల్లల జుట్టు కూడా అంతే. దుమ్ము మాత్రం ఎవరి వీధి పిల్లలని అడగకుండా అందరి మీదా పడేది. కడప నుంచి బదిలీ మీద వచ్చిన సుచరితకు ఆ పిల్లలంటే మొదటి వారంలోనే ప్రాణమైపోయింది.

నచ్చనిది ఒక్కటే. బజారు పిల్లలు ముందు బెంచీల్లో, బండల మిషన్ల దగ్గర గుడిసెల్లో ఉండే పిల్లలు వెనక బెంచీల్లో కూర్చునేవారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అదే వాళ్ళకు అలవాటు. వెనక బెంచీలో గోడకు ఆనుకుని మహాదేవి అనే పిల్ల ఉండేది. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుని, గంట కొట్టగానే వెళ్ళిపోయేది. వాళ్ళ నాన్న బొజ్జన్న బండలు పాలిష్ పట్టే మిషన్ దగ్గర పని చేసేవాడు. వేసవి సెలవుల తర్వాత కూతురిని కూడా అక్కడికే తీసుకుపోతానని ముందే చెప్పేశాడు. ఈ బడి నాదే అని ఒక్కసారి అనిపిస్తే ఆ పిల్ల చదువు మానదని సుచరిత ఆశ.

చీటీలు తీస్తే మహాదేవికి మొదటి బెంచీ వచ్చింది. కిరాణా కొట్టు పెద్దసుబ్బయ్య మనవరాలు శ్రీవాసవికి చివరి బెంచీ వచ్చింది. శ్రీవాసవి సంచీ తీసుకుని నవ్వుకుంటూనే వెళ్ళింది.

సుచరితకు తెలియని సంగతి ఒకటుంది. వెనకటికి ఆ బడిలో ఒక హెడ్మాస్టరు మార్కుల ప్రకారం పిల్లలను కూర్చోబెట్టేవాడట. ఫస్టు వచ్చినవాడికి మొదటి బెంచీ, తప్పినవాడికి చివరిది. ఆయన పోయి చాలా కాలమైంది, ఆ పద్ధతీ పోయింది. ఊళ్ళో పెద్దవాళ్ళ బుర్రల్లో మాత్రం బెంచీ అంటే ఇంకా ర్యాంకే.

సాయంత్రం పెద్దసుబ్బయ్య ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన భార్య చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. పక్కింటి వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "చదువుదేముండాదిలే అమ్మా, ఆరోగ్యం ముఖ్యం" అని ఓదార్చి వెళ్ళారు. ఎస్టీడీ బూత్ నుంచి ఆ కబురు కర్నూలు చేరేసరికి శ్రీవాసవి పరీక్ష తప్పింది, నంద్యాల చేరేసరికి బడి మానేసింది. నంద్యాల మేనత్త అయితే మంచి సంబంధం ఒకటి చూసి పెట్టానని కూడా అంది. శ్రీవాసవి మాత్రం జామకాయ తింటూ, చివరి బెంచీ దగ్గర కిటికీ గాలి బాగుంటుందని చెప్పబోయింది. ఎవరూ వినలేదు.

అదే వేళకు బొజ్జన్న పెద్దసుబ్బయ్య కొట్టుకే వచ్చి, ఉన్న దుడ్లన్నీ పెట్టి పటికబెల్లం కొన్నాడు. అందులోంచి ఒక పలుకు తీసి పెద్దసుబ్బయ్య చేతిలోనే పెట్టాడు.

"మా మహాదేవి ఫస్టు బెంచీకి వచ్చినాది శెట్టీ! నోరు తీపి చేసుకో. ఇంగ మిషన్ కాడికి తోలుకపోయేదే లేదు, సదివిస్తా."

తన కొట్టులోని పటికబెల్లమే పెద్దసుబ్బయ్యకు చేదుగా తగిలింది.

మర్నాడు ఆయన గొడుగు చంకన పెట్టుకుని నేరుగా హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. హెడ్మాస్టరు రాఘవేంద్రప్రసాద్ చాలా మంచివారు, దానికి తోడు చాలా పిరికివారు. ఎదుటి మనిషి గొంతు పెంచితే ఆయన నోటికి ఏది వస్తే అది చెప్పేసేవారు.

"చివరి బెంచీ అంటే తక్కువ అనుకుంటాండారా?" అన్నారు. "బాగా చదివే పిల్లోళ్ళకే అది. వాళ్ళ మింద మాకు నమ్మకం. మొద్దుపిల్లోళ్ళను గదా కండ్ల ముందర పెట్టుకోవాల్సింది!"

పెద్దసుబ్బయ్య ముఖం విప్పారింది. ఉప్పుకు వచ్చినవాళ్ళకూ పప్పుకు వచ్చినవాళ్ళకూ ఆ మాటే చెప్పాడు. సాయంత్రం బీడీల కోసం వచ్చిన బొజ్జన్న కూడా విన్నాడు. బీడీలు తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు.

మూడో రోజు పొద్దున సుచరిత తరగతి గదికి వెళ్ళేసరికి ముందు బెంచీలు ఇంచుమించు ఖాళీ. బజారు పిల్లలు, గుడిసెల పిల్లలు అని లేకుండా అందరూ వెనక బెంచీల మీద ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. తోసుకోవడంలో ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. కిటికీల దగ్గర తల్లిదండ్రులు నిలబడి "లోపలికి జరుగు, ఇంగా జరుగు" అని కేకలేస్తున్నారు. మొదటి బెంచీలో మహాదేవి ఒక్కతే ఉంది. మేడమ్ ఇచ్చిన చోటు వదలనని కూర్చుంది కానీ కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

గుమ్మంలో బొజ్జన్న నిలబడ్డాడు. తల గుడ్డ చేతిలో నలుపుతున్నాడు.

"మేడమ్, మా పాప మొద్దా? ఉన్నమాట చెప్పండి. మొద్దు అయితే ఈపొద్దే తోలుకపోతా. ఊరికే ఆశ పెట్టుకునేది యాల?"

సుచరితకు తన చేతులతోనే ఆ పిల్లను మిషన్ దగ్గరికి పంపుతున్నట్టు అనిపించింది. ఉన్నమాటే చెప్పేసింది.

"మొద్దూ కాదు, ఫస్టూ కాదన్నా. నేను చీటీలు తీశాను. పిల్లోళ్ళంతా కలిసి కూర్చోవాలని తీశాను, అంతే."

కిటికీలో నుంచి పెద్దసుబ్బయ్య ఒప్పుకోలేదు. "చీటీలేందమ్మా? హెడ్మాస్టరు నోటితో చెప్పినాడు గదా, చివరి బెంచీ తెలివైనోళ్ళదని! పిలిపించండి ఆయప్పను!"

పిలిపిద్దామని చూస్తే ఆయన నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడ ఎక్కి ఉన్నారు. ఆయనకు ఆ ట్యాంకు మీద అంత శ్రద్ధ ఎప్పుడూ లేదు.

సుచరితకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వెనక గోడకు కూడా సిమెంటు బోర్డు ఒకటి ఉంది, ఎవరూ వాడరు. ఆమె సుద్దముక్క తీసుకుని పిల్లలను దాటుకుంటూ అక్కడికి వెళ్ళి, కొంగుతో దుమ్ము తుడిచి, పాఠం పేరు రాసింది.

"అందరూ ఇటు తిరిగి కూర్చోండి."

బెంచీలు కిర్రుమన్నాయి. కళ్ళు మూసి తెరిచేలోగా చివరి బెంచీ మొదటిదైంది. మహాదేవి కూర్చున్నది చివరిదైంది. కిటికీల దగ్గర గోల ఆగిపోయింది. ఇప్పుడు తమ పిల్లలు తెలివైనవాళ్ళో కాదో ఎవరికీ అంతు పట్టలేదు.

అప్పుడు శ్రీవాసవి లేచింది.

"మేడమ్, ఈడ శానా ఇరుకుగా ఉండాది. నేను ఆడికి పోతా."

సంచీ తీసుకెళ్ళి మహాదేవి పక్కన కూర్చుంది. సంచీలోంచి జామకాయ తీసి, సగం కొరికి, మిగతా సగం ఆ పిల్ల చేతిలో పెట్టింది. మహాదేవి ఒకసారి వాళ్ళ నాన్న వంక చూసి, జామకాయ కొరికి నవ్వింది. ఆ పిల్ల ఆ బడిలో నవ్వగా చూడటం సుచరితకు అదే మొదటిసారి. ఆమె బోర్డు వైపు తిరిగి, రాసిన పాఠం పేరునే ఇంకోసారి దిద్దింది.

పెద్దసుబ్బయ్య చాలాసేపు లెక్క వేసుకున్నాడు. మనవరాలు చివరి బెంచీలోనే ఉంది. ఇక ఆయనకు తగాదా ఏముంది? గొడుగు తెరుచుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు.

బొజ్జన్న తల గుడ్డ దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"చీటీ అయితే చీటీలే మేడమ్. శెట్టి మనవరాలు ఎంగిలి చేసిన కాయ మా పాప తింటాండాది. ఇట్లా కూసున్న పిల్లను లేపి మిషన్ కాడికి యాడ తోలుకపోయేది?"

మహాదేవి ఆ వేసవిలో చదువు మానలేదు, ఆ తర్వాత కూడా మానలేదు. సుచరిత ఆ గదిలో ఒక రోజు ఈ గోడ మీద, ఒక రోజు ఆ గోడ మీద పాఠం చెప్పేది. ముందు ఏదో వెనక ఏదో పిల్లలు త్వరలోనే మరిచిపోయారు. హెడ్మాస్టరు గారు మాత్రం ఎటు తిరిగి మాట్లాడితే ఎవరికి కోపం వస్తుందోనని, రిటైరయ్యేదాకా ఆ తరగతితో గుమ్మంలో నిలబడే మాట్లాడారు.