ఓటమిని ఒప్పుకోని లాయరుగారు

"ఈ రోజు నుంచి మన జట్టు ఓడిపోదు," అని స్టర్లింగ్ మెక్‌వికర్ గారు ప్రకటించారు.

మా గ్రేసన్ ఫాల్స్ ఐస్ హాకీ క్లబ్బుకి ఆయన జనరల్ మేనేజరుగా వచ్చిన రోజది. బయట చలికి కార్లు మొరాయిస్తుంటే, లోపల అభిమానులమంతా కాఫీ కప్పులు కింద పెట్టి చప్పట్లు కొట్టాం. ఒక విలేకరి మాత్రం బుద్ధిలేక, "ఎలా సార్?" అని అడిగాడు.

"ఓటమి అనేది అవతలివాళ్ళ అభిప్రాయం. మనం దాన్ని అంగీకరించం."

ఇరవై ఏళ్ళు లాయరుగా చేసినవారికి తప్ప ఇంత మాట ఎవరికి తోస్తుంది? ఆయన కోర్టులో ఒక్క కేసు కూడా ఓడిపోలేదు. ఏ కేసునూ కోర్టు దాకా పోనివ్వకుండా రాజీ చేసేవారు కాబట్టి అది సాధ్యమైంది. ఆయన్ని హాకీలోకి తెచ్చిన ఘనత మాత్రం నా పళ్ళది. ఒకసారి గ్యాలరీలో కూర్చుని సాండ్‌విచ్ తింటుంటే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, అదే పక్, ఎగిరొచ్చి నా ముందుపళ్ళు రాల్చేసింది. నా తరఫున ఆయన క్లబ్బుని పిండిన పిండుడుకి యజమాని హడలిపోయి, ఈయన్ని ఎదురుగా ఉంచుకోవడం కంటే తన పక్కన కూర్చోబెట్టుకోవడమే చవక అని తేల్చుకున్నాడు. నా పరిహారంలో ఆయన ఫీజు పోగా మిగిలినదాంతో నేనొక పన్ను కట్టించుకున్నాను. నమిలినప్పుడల్లా ఆయన్నే తలుచుకుంటాను.

మేనేజరుగారికి స్కేటింగ్ రాదు. ఐసు మీద అడుగు కూడా పెట్టేవారు కాదు. "జారిపడితే కేసు ఎవరి మీద వేసుకోను? నా మీద నేనేనా?" అనేవారు. ఆ ముందుచూపు మాకు చాలా నచ్చింది.

వచ్చీరాగానే ఆయన తన్నులాటలకి పద్ధతి నేర్పారు. డాబ్సన్ అని మా జట్టులో కొండలాంటి మనిషి ఉన్నాడు. అవతలివాళ్ళని తన్నడమే అతని ఉద్యోగం. ఒక ఆట మధ్యలో అతను బెంచీ దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు.

"వాడు మా అమ్మని తిట్టాడు సార్!"

"రాసిచ్చాడా?"

"మొహమ్మీదే తిట్టాడు!"

"అయితే సాక్ష్యం లేదు. నువ్వు కొట్టకూడదు."

"వాడు నన్ను కొట్టాడండీ బాబూ, ఇదిగో ముక్కు!"

"అది సాక్ష్యం. కడుక్కోకు."

పాపం, ఆ వారమంతా డాబ్సన్ ముక్కు కడుక్కోలేదు. అంతటి క్రమశిక్షణ మా ఊరు మునుపెన్నడూ ఎరగదు.

ఓడిన ఆటని ఓడినట్టు రాస్తే పేపరువాళ్ళకి నోటీసు వెళ్ళేది. దాంతో వాళ్ళు 'ఫలితం పెండింగు' అని రాయడం నేర్చుకున్నారు. ఇన్ని పెండింగుల మధ్య కూడా జట్టు కప్పు తేల్చే ప్లేఆఫ్స్‌కి చేరింది. అది కెప్టెన్ ఓరెస్ట్ బొయ్‌చుక్ చలవేనని గిట్టనివాళ్ళు అన్నారు.

ఓరెస్ట్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ సిరీస్‌తో ఆట మానేస్తున్నాడు. అవతల ఫోర్ట్ లారియర్ జట్టుకి గోల్‌కీపరు అతని సొంత తమ్ముడు తరాస్. సిరీస్ పొడుగునా దవడలు పగలగొట్టుకున్నవాళ్ళయినా సరే, ఆఖరి ఆట అయ్యాక రెండు జట్లూ బారులు తీరి చేతులు కలపడం మా ఆచారం. అన్నదమ్ములిద్దరూ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బారులో ఎదురుపడలేదు. ఆ ముచ్చట చూసుకోవాలని వాళ్ళమ్మ ఒలెనా ఒళ్ళో పెరోగీల డబ్బా, అదే వాళ్ళ దేశపు ఉడికించిన కజ్జికాయలు, పెట్టుకుని, నాకు నాలుగు కుర్చీల అవతల కూర్చుంది.

ఆ ఆఖరి ఆటలో ఒక్క గోలు తేడాతో మా ఫలితం పెండింగులో పడింది. ఫోర్ట్ లారియర్ వాళ్ళు బారు తీరారు. మేనేజరుగారు బెంచీ దగ్గర మావాళ్ళని ఆపేశారు.

"ఎవరూ చెయ్యి కలపొద్దు. కలిపితే ఓటమి ఒప్పుకున్నట్టే. రేపు అప్పీలు నిలవదు."

"అక్కడున్నది మా తమ్ముడండీ," అన్నాడు ఓరెస్ట్. "నాకు మళ్ళీ ఆట లేదు."

"తమ్ముడైతే ఇంట్లో కలుపుకో."

"ఇంట్లో కలిస్తే కొట్టుకుంటామండీ. చెయ్యి కలిపేది ఇక్కడే."

"పిల్లల జట్టుకి నిన్ను కోచ్‌గా వేస్తానన్నాను, గుర్తుందిగా?"

ఓరెస్ట్ తీయబోయిన గ్లవ్‌ని మళ్ళీ తొడుక్కున్నాడు. అవతలివాళ్ళు చేతులు చాచుకుని నిలబడ్డారు. మావాళ్ళు తలలు దించుకున్నారు. నాకు సిగ్గేసింది, కానీ అప్పీలు సంగతి తెలియని సిగ్గది.

అప్పుడొక అద్భుతం జరిగింది. మేనేజరుగారు బూట్లకి ఇనుప ముళ్ళు తగిలించుకుని, జీవితంలో మొదటిసారి ఐసు మీదికి దిగారు. ఓరెస్ట్‌ని దాటుకుని వెళ్ళి, ఫోర్ట్ లారియర్ యజమాని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపారు. యజమాని తన జట్టువైపు తిరిగి ఏదో చెప్పాడు.

"సారే కలిపాడుగా! ఇంకేంటి, పదన్నా!" అని డాబ్సన్ కెప్టెన్‌ని ముందుకి తోశాడు.

ఓరెస్ట్ గ్లవ్స్ విసిరేసి, కుంటుతూనే తమ్ముడి దగ్గరికి జారుకుంటూ వెళ్ళాడు. తరాస్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏరా, చెయ్యివ్వు. అమ్మ చూస్తోంది."

"వద్దన్నయ్యా. ఇప్పుడే చెప్పారు. గెలిచినవాళ్ళు చెయ్యి కలిపితే రాజీ పడ్డట్టేనట. మా కొత్త మేనేజరు ఒప్పుకోరట."

"ఎవర్రా మీ కొత్త మేనేజరు?"

తరాస్ గడ్డంతో అటు చూపించాడు. ఫోర్ట్ లారియర్ విలేకరుల మధ్య నిలబడి మెక్‌వికర్ గారు ప్రకటిస్తున్నారు.

"ఈ రోజు నుంచి మన జట్టు ఓడిపోదు."

అలవాటు కొద్దీ నా చేతులు చప్పట్లకి లేచాయి. నాలుగు కుర్చీల అవతల నుంచి ఒలెనా నన్నే చూస్తోంది.