తొందరపడ్డ రంగు

"సత్యం చుక్కలో ఉంది! ఒక్క చుక్క ఎక్కువైందా, సత్యం చచ్చినట్టే!" అని ప్రాక్టికల్ పరీక్ష రోజున కెమిస్ట్రీ హెడ్డుగారు ప్రకటించారు. ప్రకటించి, గొంతు తగ్గించి, "జవాబు ఇరవై మిల్లీలీటర్లు. ఆ దరిదాపుల్లో రాకపోతే మార్కుల్లేవు" అన్నారు.

ద్రావణాన్ని బొట్టు బొట్టుగా వదులుతుందని ఆ క్లాసులో ఒకమ్మాయికి 'చుక్క' అనే పేరు స్థిరపడింది. అందరూ చిటికెలో తేల్చే పనికి ఆమెకు పూటంతా పట్టేది. పోయినసారి అందుకే తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి మావయ్య కొట్లో కూర్చోబెడతానని నాన్న తెగేసి చెప్పాడు.

చుక్క సీసాలోని ఆమ్లం ఫ్లాస్కులో పోసి, రంగు తెలిపే మందు వేసి, గీతలున్న బ్యూరెట్టు గొట్టంలోంచి క్షారం ఒక్క బొట్టు వదిలింది. అంతే, గులాబీ రంగు! ఆమ్లమంతా విరిగాక రావలసిన రంగు మొదటి బొట్టుకే వచ్చేసింది. కడిగి మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"సార్, ఈ సీసాలో ఆమ్లం లేదండీ!"

"సీసా మీద ఆమ్లం అని రాసుందా, లేదా?"

"ఉందండీ."

"రాసున్నాక లేకపోవడానికి దానికెన్ని గుండెలు?" హెడ్డుగారు పైకప్పు కేసి చూస్తూ బ్యూరెట్టు ఇరవై దాకా వదిలేశారు. "ఇదిగో, ఇరవై!"

"మొదట్లోనే రంగొచ్చిందిగా సార్?"

"అది తొందరపడ్డ రంగు. అసలు రంగు ఇరవై దగ్గరే వస్తుంది!"

"ఇరవై రాసి పడెయ్యవే తల్లీ" అని పక్కబల్ల స్నేహితురాలు గొణిగింది. చుక్కకు ఏడుపొచ్చింది. అయినా సున్నా అనే రాసింది.

అప్పుడు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు లేచారు. "సీసాల్లో నేనే మంచినీళ్ళు పోయించాను. నిజం ఎవరు రాస్తారో చూద్దామని!"

అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. హెడ్డుగారు ఆయన్ని మర్యాదగా లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. వచ్చే నెల ఆయనగారి కాలేజీ పిల్లలకు ఎగ్జామినరు ఈ హెడ్డుగారే! టీ చల్లారేలోగా ఇద్దరూ ఏకాభిప్రాయంతో బయటికొచ్చారు.

"నేనే పొరబడ్డాను. ఉన్నది ఆమ్లమే" అన్నారు ఎగ్జామినరు. "ఇంతమంది కనిపెట్టాక కాదనడానికి నేనెవర్ని? అందరూ పాస్, ఈ అమ్మాయి తప్ప."

చుక్కకు ఒళ్ళు మండింది. సీసా చేతిలోకి తీసుకుంది. "ఆమ్లమేనా సార్?"

"ముమ్మాటికీ!" అన్నారు హెడ్డుగారు, సీసాలు కడిగే తొట్టికి ఆనుకుని నిలబడి.

"అయితే కాస్త జరగండి సార్, పారబొయ్యాలి. మీద పడుతుంది."

"పొయ్యవమ్మా, ఈ మాత్రం నీళ్ళకి జరగాలా!"

ల్యాబంతా విన్నది. ఎగ్జామినరు గట్టిగా దగ్గి, చుక్కను కూడా పాస్ చేశారు. ఇరవై రాసినవాళ్ళకి మాత్రం రెండు మార్కులు ఎక్కువ పడ్డాయి, నలుగురితో కలిసిపోయినందుకు!